రాజసాక్షి చూసిన డేగ

మరకతపురిలో అబద్ధం ఆడే స్వేచ్ఛ అందరికీ ఉంది. లేనిది ఒక్క మకరందుడికే.

అతను ఆ రాజ్యానికి రాజసాక్షి. అతని తండ్రీ రాజసాక్షే, తాతా రాజసాక్షే. పట్టాభిషేకం జరిగినా, పొలిమేర తగవు తీరినా, యువరాజు గుర్రం ఎక్కినా, ఎక్కిన కాసేపటికి పడినా, పక్కన నిలబడి చూడడం అతని ఉద్యోగం. తరవాత అతను ఎలా చెబితే అలా జరిగినట్టు. "మకరందుడి కంట పడితే రాతిమీద చెక్కినట్టే" అని ఊళ్ళో ఒక సామెత ఉండేది. దాన్ని ఊళ్ళోకి వదిలింది అతని తాతేనని గిట్టనివాళ్ళు అనేవారు. మకరందుడు ఆ మాటకు నొచ్చుకునేవాడు. వదిలింది తాత కాదు, తనే.

ఆ వంశానికి ఒక ఆచారం ఉంది. ఘోరమేదైనా కంటపడిన మరుక్షణం రాజసాక్షి మొలలోని వెండి బిళ్ళ తీసి నాలుక కింద పెట్టుకోవాలి. కొలువు తీరి, రాజు "చెప్పు" అనేదాకా దాన్ని తీయకూడదు. తిండి లేదు, మాట లేదు. నోరు విప్పితే చూసింది చెదిరిపోతుందని పూర్వుల భయం. సాక్ష్యం చెప్పాక ఆ బిళ్ళను భటులు ఏటి అవతలికి తీసుకుపోయి, ప్రశ్నల గుహ వాకిట్లోంచి లోపలికి విసిరి, వెనక్కి చూడకుండా పరుగెత్తుకొస్తారు. గుహలో ఒక భూతం ఉంది. బిళ్ళకు అది కాపలా. చెప్పిన మాట వెనక్కి తీసుకోదలచిన సాక్షి ముందు ఆ భూతం దగ్గరినుంచి బిళ్ళ తెచ్చుకోవాలి. మకరందుడి వంశంలో ఆ అవసరం ఎవరికీ రాలేదని వంశచరిత్ర. ఆ వంశచరిత్ర చెప్పేది కూడా మకరందుడే.

ఇక వసంతోత్సవం నాటి సంగతి. పచ్చల స్తంభాలకు మల్లెదండలు చుట్టిన మండపం. చిమ్మనగోవులు ఎగజిమ్మిన పన్నీటికి ఆకాశం కూడా తడిసి గులాబీరంగు తేలింది. చూరుల్లో కాపురముండే పావురాలమీద సైతం ఎవరో కుంకుమ చల్లారు. నట్టనడుమ ముత్యాల పందిరి కింద, పట్టపగటినే వెక్కిరిస్తూ సూర్యకాంత ఖడ్గం వెలుగుతోంది. అది ఉన్నంతకాలం శత్రువు కోట దాటలేడు. మహారాజు వజ్రబాహు దానికి హారతి ఎత్తబోతుండగా పైకప్పు మీంచి నల్ల ముసుగు మనిషి ఒకడు దూకాడు. ఖడ్గం అందుకున్నాడు. ప్రహరీ ఎక్కాడు. మాయమయ్యాడు. అంతా రెప్ప వేసి తీసేటంత సేపు. ఆ రెప్పను రాజసాక్షి వేశాడో లేదో చెప్పగల సాక్షి మరొకడు లేడు.

మకరందుడు బిళ్ళ నోట్లో పెట్టుకొని సాక్షిమందిరంలో కూచున్నాడు. అక్కడికి రాజవైద్యుడు శీతలాచార్యుడు వచ్చాడు. పేరుకు తగిన మనిషి. మాట చల్లన, చెయ్యి చల్లన.

"నేను రాణివాసంలో మందు నూరుతూ ఉండిపోయాను నాయనా," అన్నాడు, మకరందుడి కనురెప్పలకు చందనపు నీళ్ళు అద్దుతూ. "ఆ ఘోరం చూసే ఖర్మ నాకు తప్పింది. నీకు తప్పలేదు." రెండో రెప్పకు మళ్ళి, "ఆ దొంగ ముంజేతి మీది డేగ ఎటు చూస్తోందో గుర్తు రావడం లేదనే కదా నీ బాధ. శ్రమపడకు. అంత చిన్న సంగతి ఎవరు మాత్రం చూస్తారు?" అన్నాడు.

మకరందుడికి డేగ ఏదీ గుర్తులేదు. కాని ఆ "ఎవరు మాత్రం చూస్తారు" అన్నది ముల్లులా దిగింది. ఎవరు చూస్తారా? రాజసాక్షి చూస్తాడు. నోట్లో బిళ్ళ ఉంది కనుక ఏ డేగ అని అడగలేడు. కళ్ళు మూసుకొని వెతికాడు. వెతగ్గా వెతగ్గా దొరికింది. ముసుగు మనిషి ఎడమ ముంజేతిమీద డేగ. ఎడమకే చూస్తోంది. కళ్ళు పసుపుపచ్చన.

కొలువులో అలాగే చెప్పాడు. సభ ముక్కున వేలేసుకుంది.

మరకతపురిలో డేగను చేతిమీద నిలపగల మగవాడు ఒక్కడే, రాజుగారి డేగల అధికారి కంఠీరవుడు. మర్నాడు పొద్దువాలగానే అతన్ని ఏనుగు కాలికింద వేయమని తీర్పు వెలువడింది.

ఆ మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. మకరందుడే లేచి తీశాడు. పోయిన వానాకాలం భార్య హేమలేఖ కన్నుమూసిన దగ్గరినుంచి ఆ ఇంట్లో తలుపు తీసేదీ మూసేదీ అతనే. వాకిట్లో ఒక యువతి నిలబడి ఉంది. చేతికి తోలు పట్టీ, దానిమీద ఒక డేగ, డేగ కళ్ళకు తోలు కుళ్ళాయి. కంఠీరవుడి కూతురు చకోరి. రాజసాక్షి ఒక అడుగు వెనక్కి వేశాడు. అది మర్యాద కోసం వేసిన అడుగు కాదు.

"భయపడకండి సాక్షిగారూ," అంది చకోరి. "మిమ్మల్ని పొడిస్తే మా నాన్న బతకడు. బతికేటట్టుంటే ఈపాటికి పొడిచేదాన్నే."

"నేను చూసింది చెప్పాను తల్లీ."

"ఊరంతా అదే మాట. మీరు అబద్ధమాడే మనిషి కారట. ఆ పొద్దు మా నాన్న జ్వరంతో ముసుగుతన్ని పడుకుంటే గంజి తాగించింది నేను. నేనూ అబద్ధమాడే మనిషిని కాను."

"కూతురి సాక్ష్యం చెల్లదమ్మా."

"చెల్లదనే చెప్పారు. పోనీ ఒక్కటి అడుగుతాను. నేను వచ్చేసరికి మీ అరుగుమీద పడుకొని ఉందే కుక్క, దాని తోక నలుపా, తెలుపా?"

మకరందుడికి నవ్వొచ్చింది. ఇలాంటివి అతనికి మంచినీళ్ళ ప్రాయం. "నలుపు," అన్నాడు. "చివర మాత్రం కాస్త తెలుపు."

"అరుగుమీద కుక్క లేదు."

మకరందుడు బయటికి వెళ్ళి చూశాడు. అరుగు ఖాళీ. ఎదురింటి ముసలమ్మ ముగ్గు పెడుతోంది.

"ఇటుగా కుక్క ఏదైనా వచ్చిందా పెద్దమ్మా?"

"కుక్కా? ఈ వీధిలో కుక్క మొహం చూసి ఏడాదయింది. నువ్వు వాటి సంగతులు కూడా రాజుకు మోస్తావని వాటికి భయం."

మకరందుడు లోపలికి వచ్చి పీటమీద కూలబడ్డాడు. వింత ఏమిటంటే, ఆ కుక్క అతనికి ఇంకా కనబడుతూనే ఉంది. పైగా ఇప్పుడు తోక కూడా ఆడిస్తోంది.

"డేగను మచ్చిక చేసేటప్పుడు తోలుముక్కకు నాలుగు ఈకలు కట్టి తాడుతో గిరగిరా తిప్పుతాం," అంది చకోరి. ఆమె గొంతు కాస్త మెత్తబడింది. "అది నిజం పిట్టే అనుకొని ఇది దిగుతుంది. దీని తప్పు కాదు. తిప్పేవాడి నేర్పు. మీ ముందు ఎవరో తోలు పిట్టను తిప్పారు సాక్షిగారూ."

"నోట్లో బిళ్ళ ఉండగా నాతో ఎవరు మాట్లాడ..." అంటూనే మకరందుడు ఆగిపోయాడు. కనురెప్పలమీద ఏదో చల్లగా తగిలినట్టయింది. రెప్పలు తుడుచుకుంటూ అన్నాడు: "మా పూర్వులు ఎంత బుద్ధిమంతులో చూశావా తల్లీ? సాక్షి నోరు మూయడానికి వెండితో బిళ్ళ చేయించారు. చెవులు తెరిచే ఉంటాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నేను వాళ్ళ మనవణ్ణే కదా."

"అయితే లేవండి. డేగ లేదని రాజుగారితో చెప్పండి."

"లేదని ఎలా చెప్పను? ఉంది. ఇప్పటికీ కనబడుతోంది. ఆ కుక్క పక్కనే కూచుంది. నేను చెప్పగలిగిందల్లా నాకు తెలియదని. ఆ ఒక్క ముక్క చెప్పాలన్నా ముందు బిళ్ళ తేవాలి."

"ప్రశ్నల గుహ నుంచా?"

"పొద్దువాలే లోపల."

చకోరి లేచి అతని చెయ్యి పట్టుకొని లాగింది. పీట కూడా కాస్త దూరం అతనితో వచ్చింది.

తీర్పు అమలయ్యేదాకా రాజసాక్షి కోట దాటకూడదని నియమం. అందువల్ల మారువేషం తప్పలేదు. కళ్ళకు గంతలు, చేతికి తంబురా, నుదుట విభూతి. గుడ్డి భాగవతుడు తయారయ్యాడు. డేగ ఒక వెదురుబుట్టలోకి వెళ్ళింది.

"ఈ వేషం మీకు నప్పింది," అంది చకోరి.

"వేషం అనకు. ఇన్నాళ్ళకు వృత్తికి తగిన ఉడుపు దొరికింది."

కోట గుమ్మం దగ్గర కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎవరది?"

"మా నాన్న బాబూ, కథలు చెబుతాడు. అవతలి ఊళ్ళో పిలుపొచ్చింది."

"బుట్టలో?"

"కోడి."

కావలివాడికి కోడి సంగతి పట్టలేదు. వాడికి శ్రోత కావాలి. "నీకు చూపు లేకపోయె గానీ తాతా, ఆ దొంగ చేతిమీది డేగను చూడాలి. గద్దంత ఉంది. రెక్క విప్పితే నా నెత్తిమీద నీడ పడింది."

"అప్పుడు మండపం దగ్గర కాపలా నీదేనా నాయనా?"

"కాదు, ఇక్కడే. ఇక్కడిదాకా పడింది నీడ."

మకరందుడు గంతల వెనక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అతని డేగ రెక్కలు విప్పి అప్పటికే ఊరంతా తిరుగుతోంది.

కాలనాగి ఏరు ఆ రోజు పేరు నిలబెట్టుకుంటోంది. పడగ విప్పినట్టు లేచే అలలు, కాటుక కలిపినట్టున్న నీళ్ళు, ఒడ్డున రెల్లుదుబ్బుల్లో తెల్లగా కొంగల గుంపులు. చకోరి రేవులోని తోలు పుట్టి పడవలోకి రాజసాక్షిని తోసి, తెడ్డు అందుకొని, డేగను బుట్టలోంచి తీసి భుజాన పెట్టుకుంది. కుళ్ళాయి తీయగానే డేగ మెడ ఒక్కటే కదిలింది.

"కొంగలు అన్ని ఉన్నాయా, దీని కన్ను మాత్రం ఒక్కదాని మీదే," అంది చకోరి. "గుంపులో రెక్క కుదరని పిట్ట ఏదో దీనికి ఇట్టే తెలిసిపోతుంది. మిగతావాటిని చూడను కూడా చూడదు."

"అదృష్టవంతురాలు," అన్నాడు మకరందుడు.

అంతలో పుట్టి ఎగిరిపడింది. నీళ్ళలోంచి మొసలి ఒకటి లేచి పుట్టి అంచు కరిచింది. "కొట్టండి!" అని అరిచింది చకోరి. మకరందుడు చప్పుడు వచ్చినవైపు తంబురా విసిరాడు. అది సరిగ్గా మొసలి నోట్లోకి వెళ్ళింది. దవడలు మూసుకున్నాయి. తీగెలు ఒకసారి ఖంగున మోగాయి. మొసలి ఆ శ్రుతి కడుపులో పెట్టుకొని మునిగిపోయింది. పుట్టి గిరగిరా తిరిగి, రెండు బండల నడుమ ఇరుక్కొని, ఊడి, అవతలి ఒడ్డున బోర్లాపడింది. ఇసుకలోంచి లేస్తూ మకరందుడు తడుముకుంటుంటే చకోరి అతని కళ్ళ గంతలు లాగేసింది. ఇంతసేపూ తీయాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ప్రశ్నల గుహ కొండ ఆవలించినట్టుంది. లోపల గోడలనిండా స్ఫటికాలు పూశాయి. ఎక్కడినుంచో జారిన వెలుతురు వాటిమీద వేయి రంగులై విరిగి పడుతోంది. ఆ రంగుల నడుమ బారులుగా రాతిమనుషులు. ప్రతి ఒక్కరి నోరూ తెరిచి ఉంది. ప్రతి ఒక్కరి వేలూ పైకి లేచి ఉంది, గట్టిగా ఏదో చెబుతున్నట్టు. మొదటి బారు చివరి మనిషి దగ్గర మకరందుడు ఆగాడు. ఆ ముక్కు అతనికి తెలుసు. రోజూ అద్దంలో చూసే ముక్కే.

"ఎవరు?" అని అడిగింది చకోరి.

"మా తాత. తీర్థయాత్రలకు వెళ్ళి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పారు." మకరందుడు ఆ రాతి భుజంమీద దుమ్ము తుడిచాడు. "చెప్పిన మాట వెనక్కి తీసుకుందామని ఇంతదూరం వచ్చాడన్నమాట. పెద్దమనిషి. తీరా వచ్చాక అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు. అది మా ఇంటి జబ్బు."

గుహ గుడగుడలాడింది. పైనుంచి భూతం దిగింది. తల కప్పును తాకుతోంది, గడ్డం నేలమీద జీరాడుతోంది. నొసటి నడుమ ఉన్న ఒక్క కంట్లో వెండి బిళ్ళ తళతళ మెరుస్తోంది.

"రాజసాక్షీ, స్వాగతం," అంది భూతం. దాని మర్యాదకు గోడలు బీటలిచ్చాయి. "ఏట్లో నీ పుట్టిని పట్టిన మొసలి ఉందే, దానికి విరిగిన కోర కుడివైపుదా, ఎడమవైపుదా?"

"కు..." అన్నాడు మకరందుడు.

చకోరి అతని పాదం తొక్కింది. ఉత్త తొక్కడం కాదు, మడమతో. అప్పటికే అతని ఎడమచేతి చిటికెనవేలు రాయయింది. మకరందుడు ఆ వేలు చూసుకున్నాడు. అప్పుడు కళ్ళకు గంతలున్నాయి. ఏట్లో మొసలిని చూడనే లేదు. అయినా విరిగిన కోర ఎంత స్పష్టంగా కనబడుతోంది, కుడివైపున, పాచిపట్టి.

ఆ వంశంలో పుట్టినవాడెవడూ అంతవరకూ పలకని మాట అది. గొంతులో చేపముల్లులా అడ్డం తిరిగింది. "చూ," అన్నాడు. నీళ్ళు నమిలాడు. "చూడలేదు."

భూతం కన్ను మిటకరించింది. దాని తల కప్పునుంచి బెత్తెడు కిందికి దిగింది.

"సరే," అంది కాస్త కంగారుగా. "నువ్వు లోపలికి వస్తూంటే గుహ నెత్తిన గంట కట్టిన మేక మేస్తోందే, అది తల్లా, పిల్లా?"

మేక కనబడింది. గంట కూడా వినబడింది. మకరందుడు రెండుచేతులా చెవులు మూసుకొని, "చూడలేదు," అన్నాడు. ఈసారి కాస్త సులువుగా వచ్చింది. భూతం మనిషంత అయింది.

దానికి ఇప్పుడు కోపం లేదు. వంగి, దాదాపు జాలిగా అడిగింది: "నీ భార్య హేమలేఖ కన్నుమూసేముందు నవ్విందే. ఆ నవ్వు నీవైపు చూసి నవ్విందా, వాకిలివైపు చూసి నవ్విందా?"



ఆ నవ్వు మకరందుడికి తెలుసు. పోయిన వానాకాలం నుంచి రోజూ చూస్తున్నాడు. కిటికీలోంచి పడే వెలుతురు, కుడిబుగ్గమీద చిన్న సొట్ట, తనవైపు తిరిగిన ముఖం. ఆ నవ్వు సంగతి అతనికి మొదట చెప్పింది ఎదురింటి ముసలమ్మ. ఆ సమయానికి మకరందుడు కొలువులో ఉన్నాడు. యువరాజు కొత్త గుర్రం ఎక్కుతుంటే చూస్తున్నాడు.

చకోరి ఈసారి పాదం తొక్కలేదు. పక్కన నిలబడింది, అంతే.

"నేను ఇంట్లో లేను," అన్నాడు మకరందుడు. ఆ తరవాత, "చూడలేదు," అన్నాడు.

భూతం ఉడతంత అయింది. వెండి బిళ్ళ రాతిమీద పడి దొర్లి అతని కాలి దగ్గర ఆగింది. బారు చివర, తాత తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

"ఇంత చిన్న జవాబు," అంది భూతం కీచుగొంతుతో, తన తోక తనే చూసుకుంటూ. "ఇంతకాలంగా ఒక్కడూ చెప్పలేదు. వచ్చినవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే. నువ్వు నన్ను ఇలా చూశావని బయట ఎవరికీ చెప్పకు."

"చూడలేదు," అన్నాడు మకరందుడు బిళ్ళ తీసుకుంటూ. ఆ మాట రుచి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది అతనికి.

పొద్దు పడమటి బురుజుమీద వాలింది. కొలువు ముంగిట్లో కంఠీరవుణ్ణి గొలుసులతో రాతిపలకమీద పడుకోబెట్టారు. పక్కన పట్టపుటేనుగు తొండం ఊపుతూ నిలబడింది. మావటివాడు అంకుశం ఎత్తాడు. సరిగ్గా అప్పుడు ఇసుకా పాచీ కొట్టుకుపోయిన, గంతల్లేని గుడ్డి భాగవతుడొకడు జనాన్ని తోసుకొచ్చి, సింహాసనం మెట్టుమీద వెండి బిళ్ళ పెట్టి, వగరుస్తూ నిలబడ్డాడు. వెనక డేగతో చకోరి.

"మహారాజా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దొంగ చేతిమీద డేగ ఉందో లేదో నాకు తెలియదు. నేను చూడలేదు."

సభ నవ్వింది. ఆ తరవాత సభకు కోపం వచ్చింది.

"నువ్వు చూడకపోతే పోయె, మేం చూశాం," అన్నాడు సేనాపతి లేచి. "నా పక్కనుంచే పోయింది. గోరు కూడా గీసుకుంది." అంటూ చెయ్యి చూపించాడు. చేతిమీద నిజంగానే గీత ఉంది. "నావైపు చూసి కూసింది," అన్నారు రాజపురోహితులవారు. "మేమూ చూశాం" అని ముంగిలి ముంగిలంతా అందుకుంది. మహారాజు వజ్రబాహు గడ్డం నిమురుకుంటూ, "నాకూ లీలగా గుర్తుంది," అన్నాడు.

శీతలాచార్యుడు మెల్లగా లేచి మకరందుడి నుదుటిమీద చెయ్యి వేశాడు. చెయ్యి చల్లగానే ఉంది. "పాపం, ఎండదెబ్బ," అన్నాడు.

అబద్ధమాడేవాళ్ళు నలుగురుంటే దులిపెయ్యొచ్చు. వీళ్ళలో ఒక్కడూ అబద్ధమాడడం లేదు. నిన్న తను కొలువులో వదిలిన ఒక్క డేగ ఇంతమంది తలల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని చేసింది. పలకమీద కంఠీరవుడు తల తిప్పి కూతురివైపు చూస్తున్నాడు. మకరందుడికి అరుగుమీది కుక్క గుర్తొచ్చింది.

"సరే మహారాజా," అన్నాడు తల వంచి. "ఇంతమంది చూశాక నేను కాదనేదేముంది? పోయే ప్రాణం కనుక ఒక్కటే అడిగి తప్పుకుంటాను. ఆ డేగ కాలికున్న గజ్జె వెండిదా, బంగారుదా?"

"బంగారుది," అన్నాడు సేనాపతి వెంటనే.

"వెండిది," అన్నారు పురోహితులు.

"నా చెవులారా విన్నాను, అది బంగారు మోతే."

"కళ్ళు లేనివాడికి చెవులెందుకు? వెండి."

"ఇత్తడి," అన్నాడు వెనకనుంచి గుమ్మం కావలివాడు. ముంగిలి మూడు పక్షాలయింది. తలపాగాలు లేచాయి. సేనాపతి పురోహితుల ఉత్తరీయం పట్టుకున్నాడు. శీతలాచార్యుడు చేతులు నలుపుకుంటూ కాసేపు చూశాడు. ఎంతో నేర్పుగా చేసిన బొమ్మకు తలా ఒక రంగూ పులుముతుంటే చేసినవాడికి ప్రాణం ఎలా ఉంటుంది? అందులోనూ ఈ తగవు ముదిరితే డేగ మొత్తానికే ఎగిరిపోయేలా ఉంది.

"ఊరుకోండయ్యా," అన్నాడు చివరికి, చల్లదనం కాస్త తగ్గిన గొంతుతో. "ఆ డేగ కాలికి గజ్జె లేదు. ఎడమ ముంజేతిమీద డేగ, ఎడమకు చూపు. అంతే."

ముంగిలి సద్దుమణిగింది.

"ఆచార్యా," అన్నాడు మకరందుడు ఎంతో వినయంగా, "అప్పుడు తమరు రాణివాసంలో మందు నూరుతున్నారు. తమరే సెలవిచ్చారు. అక్కడున్నవాళ్ళందరూ గజ్జె ఉందంటున్నారు. అక్కడ లేని తమరొక్కరే లేదంటున్నారు. లేదని అంత గట్టిగా ఎవరికి తెలుస్తుంది? ఆ డేగను చేసినవాడికి తెలుస్తుంది. వాడు దానికి గజ్జె కట్టలేదు."

మహారాజు తల మెల్లగా వైద్యుడివైపు తిరిగింది. "ఆచార్యా?"

శీతలాచార్యుడు నవ్వాడు. జోలెలోంచి పిడికెడు బూడిద తీసి నేలకు కొట్టాడు. నల్లని పొగ ముంగిలిని మింగేసింది. ఏనుగు ఘీంకరించింది. చూరుల్లోని పావురాలన్నీ బెదిరి, టపటపా రెక్కలు కొట్టుకుంటూ ఒక్కసారిగా ఆకాశంలోకి లేచాయి. పొగ విచ్చేసరికి వైద్యుడు నిలబడ్డ చోట కాషాయ ఉత్తరీయం ఒక్కటే మిగిలింది.

"ఏనుగును కట్టెయ్యండి," అన్నాడు మహారాజు. "ఆ ఖడ్గం, ఆ మాంత్రికుడు దొరికేదాకా కంఠీరవుడు గొలుసుల్లోనే ఉంటాడు. దొరక్కపోతే ఏనుగు ఇక్కడే ఉంది. సాక్షీ, వాడు ఎటు పోయాడు?"

"నేను చూశాను, పామై పోయాడు," అన్నాడు సేనాపతి. "నేలలోకి," అన్నారు పురోహితులు. "కొమ్ములు మొలిచాయి," అన్నాడు కావలివాడు.

మకరందుడు పొగకు నీళ్ళు కారుతున్న కళ్ళు తుడుచుకున్నాడు. "చూడలేదు మహారాజా."

చకోరి ఎవరినీ ఏమీ అడగలేదు. తన చేతిమీది డేగ కుళ్ళాయి తీసింది. డేగ మెడ ఒక్కటే కదిలింది. పైన కుంకుమరంగు రెక్కల పావురాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి నడుమ ఒకటి మాత్రం, కొత్తగా ఈత నేర్చుకునే మనిషి చేతులు ఆడించినట్టు రెక్కలు ఆడిస్తోంది. డేగ మిగతావాటిని చూడను కూడా చూడలేదు. అమ్ములా లేచింది. ఆ ఒక్క పావురం ఉత్తరపు కొండలవైపు తిరిగింది, వెనకే డేగ.

"అటు," అంది చకోరి, ముంగిట్లో కట్టి ఉన్న భటుడి గుర్రమెక్కుతూ.

మకరందుడు పలకమీది కంఠీరవుడివైపు ఒకసారి చూశాడు. తరవాత గుర్రపుశాలవైపు పరుగెత్తాడు. దారిలో కథలు పాడి అడుక్కునే పిచ్చికుంట్లవాడు మొదలుకొని మంత్రిదాకా ఎదురొచ్చి, "మాంత్రికుడి కొమ్ములు ఎంత పొడుగు సాక్షిగారూ?" అని అడగబోతున్నారు. అతను పరుగెత్తుతూనే ఉత్తరీయం అంచు చింపి రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కుకున్నాడు. పూర్వులు మరిచిన పని తన చేతులమీదుగా పూర్తయినందుకు కాస్త గర్వపడి, కనబడిన మొదటి గుర్రం ఎక్కి, మడమలతో పొడిచాడు.

అందువల్ల, "ఆ గుర్రానికి జీను బిగించలేదు" అని వెనకనుంచి చకోరి వేసిన కేక అతనికి వినబడలేదు.